కొండదారికి వడిగల రైలుబండి

వడిగల రైలుబండిని నిర్మింపవలయునన్నచో మన బుద్ధి మొదట ఇంజనుపైకి పోవును. ఎన్ని గుఱ్ఱముల బలము గల యింజను పెట్టిన నంత వడిగా పోవునని తలంతుము. చదునైన నేలపై తిన్నని దారికి ఈ యూహ చాలవఱకు సరియే. కొండలనడుమ మెలికలు తిరుగు దారికి బండిని కల్పింపబూనినవాడు మాత్రము ఇంజనుకంటె ముందు వంపులను లెక్కింపవలయును. జపానుదేశపు నాలుగు పెద్ద దీవులలో చిన్నదియగు షికోకునందు జరిగిన పని యిందుకు మంచి యుదాహరణము.

ఆ దీవి నడుమ నంతయు కొండలే. తడోత్సునుండి కొండలు దాటి దక్షిణతీరపు కోచి పట్టణమునకు పోవు దోసాన్ మార్గము వంపు వెంట వంపుగా సాగును. పట్టాలనడుమ దూరము 1067 మిల్లీమీటర్లు మాత్రమే. కొండభాగమున విద్యుత్తీగలు లేవు గనుక డీజిలుబండ్లే నడువవలయును. 1980 తరువాత మోటారులకై విశాలమైన క్రొత్త రహదారులు ఆ దీవిలోనికి వచ్చెను. రైలు నెమ్మదిగానే నడచినచో ప్రయాణికులు దానిని విడిచిపోదురు. దారినంతయు తిన్నగా మరల కట్టుట మిక్కిలి వ్యయముతోడి పని. కావున దారిని మార్పక బండినే మార్పవలసివచ్చెను.

వంపున పోవు బండిలో మనలను వెలుపలికి త్రోయునట్లు తోచు బలము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. 300 మీటర్ల వ్యాసార్ధముగల వంపును గంటకు 60 కిలోమీటర్ల వేగముతో తిరిగినచో ఆ త్రోపు మన బరువులో పదవవంతునకు కొంచెము తక్కువ. 90 కిలోమీటర్లయినచో వేగము ఒకటిన్నర రెట్లే, త్రోపు రెండుంబావు రెట్లు! అందులకే వంపులలో వెలుపలి పట్టాను కొంత యెత్తుగా నమర్తురు. మితిమీఱి యెత్తినచో నెమ్మదిగా పోవు బండి లోపలికి ఒఱగిపోవును. బైసికిలుపై మలుపు తిరుగు బాలుడు తానే లోపలికి వంగును గదా. పెట్టెయు నట్లే 5 డిగ్రీలు ఒఱగినచో, మన బరువులో సుమారు పండ్రెండవవంతు త్రోపు ప్రయాణికునికి తెలియకుండ పోవును. అయితే పట్టాలపై పడు త్రోపు తగ్గదు. ఈ సంగతిని మఱచువారు పెక్కండ్రు. కావుననే పెట్టె తేలికగా నుండవలయును, దాని బరువు నేలకు దగ్గఱగా నుండవలయును.

1973లో జపానుననే నాగోయా, నాగనోల మధ్య 381 శ్రేణి విద్యుద్బండిని రోలర్లపై ఊగునట్లు చేసి నడపిరి. వంపునందలి త్రోపే దానిని లోలకమువలె ఒఱగించెడిది. కాని పెట్టె ఆలస్యముగా ఒఱగి, ఆలస్యముగా లేచుటచే కొందఱకు కడుపులో త్రిప్పెడిది. షికోకువారు 1989లో తెచ్చిన 2000 శ్రేణి డీజిలుబండిలో వంపుల స్థానములను ముందుగానే కంప్యూటరున నిలిపి, వంపు రాకమునుపే గాలియొత్తిడిచే పెట్టెను మెల్లగా ఒఱగింపసాగిరి.

డీజిలుతో ఇంకొక చిక్కు కలదు. ఇంజను తన దండము నొకవైపు త్రిప్పునపుడు పెట్టెను రెండవవైపునకు త్రిప్పజూచును. రోలర్లపై ఊగు పెట్టెకు ఇది కీడు. అందుచే ఒక్కొక్క పెట్టెక్రింద రెండేసి యింజనుల నుంచి, ఒకదాని త్రిప్పుడును రెండవది రద్దుచేయునట్లు అమర్చిరి. నాకు ఈ యుపాయమే అన్నిటికంటె ముచ్చటగా తోచును.

2017లో రోలర్లు మాని, గాలిదిండ్లను ఉబ్బించి పెట్టెను ఒఱగించు 2600 శ్రేణిని నిర్మించిరి. ఏర్పాటు సులభము, వ్యయము తక్కువ. కాని దోసాన్ మార్గమున పరీక్షింపగా, వంపులు ఎడతెగక వచ్చుటచే గాలి చాలకపోయెను. ఆ శ్రేణిని నాలుగు పెట్టెలతో నిలిపివేసి, తకమత్సు, తోకుషిమాల నడుమ దారికి పంపిరి. 2019లో వచ్చిన 2700 శ్రేణికి మరల రోలర్లనే పెట్టిరి.