మంచుకొండలలో సూర్యగృహము

భారతదేశపు ఉత్తరాగ్రమున లడాఖ్ అను శీతల మరుభూమి కలదు. అందలి ముఖ్యపట్టణమగు లేహ్ సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్నది. శీతకాలపు రాత్రులందు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 20 డిగ్రీల వరకు పడిపోవును. చెట్లు తక్కువగుటచే వంటచెరకు అరుదు. పిడకలను, దూరమునుండి లారీలపై వచ్చు కిరసనాయిలును బుఖారీలలో మండించి జనులు చలి కాచుకొందురు. తలుపులు బిగించిన గదిలో ఆ పొగయు, కార్బన్ మోనాక్సైడును ప్రాణాంతకములు కాగలవు. ఇట్టిచోట స్వల్ప ఇంధనముతో ఒక కుటుంబము వెచ్చగా నివసించుట ఎట్లు?

అచ్చట మేఘములు తక్కువ, గాలి పలుచన. కావున శీతకాలమందును ఎండ తీక్షణముగా కాయును. ఆ ఎండను లోనికి రానిచ్చి, నిలువచేసి, బయటికి పోనీయకుండుటయే సూర్యగృహ రహస్యము.

మొదటి సూత్రము దిశ. లేహ్ అక్షాంశము సుమారు 34 డిగ్రీలు. డిసెంబరు నెలాఖరున మధ్యాహ్నసూర్యుడు దక్షిణాన 32 డిగ్రీల ఎత్తుననే యుండును. జూన్‌లో 79 డిగ్రీల ఎత్తునకు చేరును. కావున పెద్ద కిటికీలు దక్షిణమునకే యుండవలెను. వాటిపై 30 సెంటీమీటర్ల చూరు చాలును. వేసవి మధ్యాహ్నమున దాని నీడ ఒకటిన్నర మీటర్ల వరకు దిగును. శీతకాలమున 19 సెంటీమీటర్లు మాత్రమే. ఉత్తరమున కొట్టుగది, మెట్లు ఉంచి, కిటికీలు తగ్గించవలెను.

రెండవది నిలువ. పచ్చి ఇటుకల దళసరి గోడ మెల్లగా వేడెక్కి, మెల్లగా చల్లారును. గోడకు నల్లరంగు పూసి, ముందు కొద్ది ఎడముతో అద్దము బిగించినచో, పగటివేడి రాత్రికి గదిలోనికి చేరును. దీనిని ట్రోంబ్ గోడ యందురు. ఫెలిక్స్ ట్రోంబ్ అను శాస్త్రజ్ఞుడు, జాక్ మిషెల్ అను వాస్తుశిల్పి కలిసి ఫ్రాన్సులోని ఓదేయో గ్రామమున 1967లో ఇట్టి ఇల్లు నిర్మించిరి.

మూడవది రక్షణ. అద్దము పగలు వేడి నిచ్చును, రాత్రి పోగొట్టును. అందుచే రెండు పొరల అద్దము, రాత్రివేళ దళసరి తెర అవసరము. జంటగోడల నడుమ గడ్డి లేక రంపపుపొట్టు నింపవలెను. కప్పుపై పొర మరువరాదు. వేడిగాలి పైకే పోవును గదా! సందులు మూసినను, శ్వాసకు తగిన గాలిమార్గ ముంచవలెను.

1988లో స్థాపితమైన సెక్మాల్ సంస్థ, లేహ్ సమీపమున ఫే గ్రామము వద్ద మట్టితో కట్టిన తన విద్యాలయ భవనములలో ఇట్టి సూత్రములను ఆచరణలో చూపినది. అయితే మట్టికి నీటిభయము కలదు. 2010 ఆగస్టులో కురిసిన కుంభవృష్టికి, వచ్చిన వరదకు లేహ్ ప్రాంతమున పెక్కు మట్టియిండ్లు కూలి ప్రాణనష్టము సంభవించినది. రాతి పునాది, నీరు నిలువని కప్పు, వాగుకు దూరమైన స్థలము లేనిచో ఎంతటి వెచ్చని గృహమైనను సురక్షితము కాదు.

ఈ గణితము మనకును ఉపకరించును. హైదరాబాదులో జూన్ మధ్యాహ్నసూర్యుడు ఇంచుమించు నడినెత్తిన నుండును. దక్షిణపు గోడకు చిన్న చూరు చాలును. మనలను బాధించునది సాయంకాలపు పడమటి ఎండ. విద్యార్థులు ఒక నిలువుకర్ర నాటి, నెలనెలా మధ్యాహ్నపు నీడను కొలిచి వ్రాసికొన్నచో, తమ యింటి కెచ్చట నీడ కావలెనో స్వయముగా నిర్ణయింపగలరు.