ఎరువు అడుగులు, సొంత నాట్యం

కాలేజీ వార్షికోత్సవానికి ఇంకా మూడు వారాలుంది. ఎనిమిదిమంది పిల్లలు, ఆరు నిమిషాల పాట, కొరియోగ్రఫీ బాధ్యత మీది. ఆ రాత్రి మీరేం చేస్తారో చెప్పనా? యూట్యూబ్ తెరుస్తారు. అదే పాటకి ఎవరెవరు ఏం చేశారో వరసపెట్టి చూస్తారు. తెల్లారేసరికి బుర్ర నిండా అడుగులే ఉంటాయి, అందులో మీది ఒక్కటీ ఉండదు.

ఇక్కణ్నుంచి జనం రెండు దారులు పడతారు. కొందరు ఇందులోంచి కాస్త, అందులోంచి కాస్త ఏరి అతికేస్తారు. ఇంకొందరు 'ఎవరిదీ చూడను, చూస్తే ప్రభావం పడుతుంది' అని ఒట్టు పెట్టుకుంటారు. అందరూ తిట్టేది మొదటివాళ్లనే. కానీ ఎక్కువ నష్టపోయేది రెండోవాళ్లని నా అభిప్రాయం. ఏమీ చూడనివాడు అదివరకే వందమంది చేసేసిన పనిని తనే కనిపెట్టాననుకుంటాడు, పైగా వాళ్లకంటే నాసిగా చేస్తాడు. కాబట్టి చూడండి. కాకపోతే పది వీడియోలు ఒక్కోసారి చూసే బదులు, మిమ్మల్ని వదలకుండా పట్టుకున్న ఒక్కదాన్ని తిరగేసి మరగేసి చూడండి.

అలా చూస్తే ఏం దొరుకుతుందో ఒక ఉదాహరణ. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ప్రవేశం. ఇద్దరు తెర పట్టుకుని నిలబడతారు. భామ తెర వెనకాల ఉంటుంది, ముఖం కనపడదు. ముందు ఆమె జడ వచ్చి తెర మీదుగా ఇవతలికి పడుతుంది. పొడుగాటి జడ, నిండా నగలు. నన్ను మించి ఆడేవాళ్లుంటే రండి, ఓడితే ఈ జడ కోసి ఇస్తాను అని సవాలు చేయడమే దాని అర్థమని పెద్దలు చెబుతారు. ఆ తరవాత ప్రవేశ దరువు, మనిషి దర్శనం.

పైపైన చూసినవాడు దీన్నుంచి జడ తెచ్చుకుంటాడు. తన రూపకంలో ఏ నాయిక వచ్చినా తెర మీద జడ వేయిస్తాడు. నిలకడగా చూసినవాడికి ఇంకో సంగతి తెలుస్తుంది. మనిషికంటే ముందు ఆ మనిషి గర్వం రంగం మీదికి వచ్చింది. ముఖం చూడకముందే ఈవిడతో పెట్టుకోకూడదని ప్రేక్షకుడికి తెలిసిపోయింది. అడుగు, హస్తం ఏదీ లేకుండా కేవలం అమరికతో సాధించిన పని ఇది. ఈ అమరికని ఏ కథలోకైనా తీసుకుపోవచ్చు. మీ రూపకం ఒక వడ్డీ వ్యాపారి గురించి అనుకోండి. అతనింకా రాలేదు. పక్కనుంచి చేతికర్ర చప్పుడు వినిపిస్తుంది, ఎనిమిదిమందీ చేస్తున్న పని ఆపకుండానే తలలు దించుకుంటారు. తెర లేదు, జడ లేదు, భామ అసలే లేదు. అయినా మీరు పాఠం నేర్చుకున్నది ఆవిడ దగ్గరే.

అందుకని చూసేటప్పుడు నోటుబుక్కులో పేజీకి నిలువుగా ఒక గీత గీయండి. ఎడమవైపు కంటికి కనిపించినది రాయండి, కుడివైపు అది మీకేం చేసిందో రాయండి. 'నలుగురూ ఒక్కసారిగా ఆగిపోయారు' ఎడమవైపు. 'ఊపిరి బిగబట్టాను, ఏదో జరగబోతోందనిపించింది' కుడివైపు. రిహార్సల్‌కి వెళ్లేటప్పుడు ఎడమవైపు కత్తిరించి ఇంట్లో పడేయండి.

వీడియోతో ఇంకో చిక్కుంది. అది అన్నీ ఇచ్చేస్తుంది. భంగిమ, వేగం, కోణం, చూపు, ఆఖరికి చీర రంగుతో సహా. మీరు కల్పించుకోవడానికి ఏమీ మిగలదు. ఈ విషయంలో నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ (1923–2011) అదృష్టవంతులు. పేరిణి శివతాండవాన్ని మళ్లీ లేపి నిలబెట్టాలనుకున్నప్పుడు ఆయన ముందు వీడియో లేదు. ముఖ్యంగా ఉన్న ఆధారాలు రెండు. ఒకటి 1213లో కట్టిన పాలంపేట రామప్ప గుడి, ఆ రాళ్ల మీద ఆడుతూ ఆడుతూ ఆగిపోయిన బొమ్మలు. రెండోది ఆ తరవాత నలభై ఏళ్లకి కాకతీయ రాజు గణపతిదేవుడి గజసేనాని జాయప సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళి. దేశి నృత్యాల గురించి చెప్పేచోట జాయప పేరిణి సంగతీ రాశాడు.

బొమ్మ కదలదు. పుస్తకానికి ఒళ్లు లేదు. ఈ భంగిమలోంచి ఆ భంగిమలోకి ఎలా వెళ్లాలి? బరువు ఏ కాలి మీద ఉంచాలి? తిరిగి వెళ్లాలా, ఎగిరి వెళ్లాలా? ఎన్ని మాత్రల్లో? ఇవేవీ శిల్పి చెప్పడు. ఆ సందులన్నీ పూడ్చవలసింది రామకృష్ణగారే. అందుకే ఇవాళ మనం చూసే పేరిణి కాకతీయుల నాటి ఆధారాల మీద ఇరవయ్యో శతాబ్దంలో ఒక మనిషి కట్టిన నాట్యమని నేనంటాను. ఇలా అంటే కొందరికి కోపం వస్తుంది. అచ్చం అప్పటిదే అంటేనే విలువ అని వాళ్ల లెక్క. నాకు మాత్రం ఆ సందుల్లోనే ఆయన గొప్పతనం కనిపిస్తుంది.

ఈ పని మీరూ చేయొచ్చు. నచ్చిన వీడియోని ఐదుచోట్ల ఆపండి. ఆ ఐదు భంగిమల్ని పుల్లబొమ్మలుగా కాగితం మీద గీసుకోండి, బొమ్మ బాగా రాకపోతే ఇంకా మంచిది. తరవాత వారం రోజులు ఆ వీడియో జోలికి పోవద్దు. రిహార్సల్లో పిల్లల్ని జంటలుగా నిలబెట్టి, ఏవైనా రెండు బొమ్మలిచ్చి, ఒక ఆది తాళం ఆవర్తనంలో ఇందులోంచి అందులోకి వెళ్లమనండి. ఒకమ్మాయి మొదటి ఐదు అక్షరాలూ కదలకుండా నిలబడి చివరి మూడింట్లో దూకుతుంది. ఇంకొకబ్బాయి ఎనిమిదింటినీ నేల మీద పాకుతూ గడిపేస్తాడు. ఎరువు తెచ్చినవి ఆ రెండు చివరలే. నడుమ దారంతా మీ పిల్లలు వేసుకున్నదే.

కథనే తీసుకోవాలనుకుంటే? తీసుకోండి, కానీ కథలోని గాయాన్ని మీ కాలానికి మార్చండి. 1841లో పారిస్‌లో మొదటిసారి ఆడిన బ్యాలే జిజెల్. ఒక పల్లెటూరి పిల్ల. ఆమెని మారువేషంలో ప్రేమించి మోసం చేసిన జమీందారీ కుర్రాడు. పెళ్లికి ముందే చనిపోయిన కన్యల ఆత్మలు. కథక్ నేర్చి పెరిగిన లండన్ కళాకారుడు అక్రమ్ ఖాన్ 2016లో దీన్నే తీసుకుని ఇంగ్లిష్ నేషనల్ బ్యాలేకి కొత్తగా చేశాడు. పల్లె పోయి బట్టల ఫ్యాక్టరీ వచ్చింది. జిజెల్ పని పోగొట్టుకున్న వలస కూలీ అయింది. రంగం మీద ఒక పెద్ద గోడ, దానికి అవతల డబ్బున్నవాళ్లు. ఆత్మలు ఫ్యాక్టరీలో చచ్చిపోయిన కూలీ ఆడవాళ్లవి. అస్థిపంజరం పాతదే, నొప్పి మాత్రం ఇప్పటిది. మన పురాణ కథల మీద రూపకాలు చేసేవాళ్లు దీన్నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది. శకుంతల ఉంగరం పోగొట్టుకుంది, సరే. ఉంగరం చూపిస్తే తప్ప భార్యగా గుర్తించనివాడు ఈనాడు ఎవరు? ఆ ప్రశ్నకి జవాబు దొరికేదాకా సంగీతం రికార్డింగ్‌కి డబ్బు తగలేయకండి.

ఇక గీత ఎక్కడ దాటుతాం? బెల్జియం కొరియోగ్రాఫర్ ఆన్ తెరెసా ద కీర్స్‌మేకర్ 1983లో నలుగురు ఆడవాళ్లతో 'రోసాస్ డాన్స్ట్ రోసాస్' చేసింది. కుర్చీల్లో కూర్చుని తల విదిలించడం, జుట్టు వెనక్కి తోసుకోవడం, భుజం మీద చొక్కా సర్దుకోవడం అందులో బాగా పేరుపడ్డ భాగం. 2011లో పాప్ గాయని బియాన్సే 'కౌంట్‌డౌన్' వీడియోలో ఆ కదలికలు, ఆ వాతావరణం దిగిపోయాయి. ముందుగా ఎవరూ కీర్స్‌మేకర్‌కి చెప్పలేదు. గొడవయ్యాక, దాన్నుంచి స్ఫూర్తి పొందామని బియాన్సే ఒప్పుకుంది. నాకు నచ్చింది ఆ తరవాత జరిగింది. 2013లో కీర్స్‌మేకర్ బృందం ఆ కుర్చీల భాగాన్ని అడుగడుగూ నేర్పుతూ వీడియోలు పెట్టి, ఎవరికి వాళ్లు తమ రోసాస్ చేసి పంపమంది. బళ్లలో, వంటిళ్లలో, వీధుల్లో జనం చేసి పంపారు. కదలికలు అవే. ఈసారి మాత్రం ఎవరివో అందరికీ తెలుసు.

మన 1957 కాపీరైట్ చట్టం కూడా నృత్య రచనను నాటక రచనల్లో కలిపి రక్షిస్తుంది. అయితే అది రాతలోనో మరో రూపంలోనో నమోదై ఉండాలి. అడుగులు, హస్తాలు, తాళాలు ఏ ఒక్కరి సొత్తూ కావు. వాటిని కూర్చిన తీరు మాత్రం ఒకరిదే. కోర్టుల సంగతి అటుంచితే, మన ఊళ్లలో ఎక్కువగా జరిగే దొంగతనానికి బయటివాళ్లతో పనే లేదు. గురువుగారు నేర్పిన అంశంలో రెండు జతులు మార్చి, చివర ముక్తాయింపు కాస్త పొడిగించి, ఆహ్వానపత్రికలో 'నృత్య రూపకల్పన' పక్కన మన పేరు వేయించుకుంటాం. అందరూ చేసేదే కదా అని దాన్నెవరూ దొంగతనం అనరు. గురువుగారు మొదటి వరసలో కూర్చుని చప్పట్లు కూడా కొడతారు, పాపం.

దీనికి విరుగుడు మొదటిరోజే వేసుకోవాలి. అమెరికన్ కొరియోగ్రాఫర్ ట్వైలా థార్ప్ ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక అట్టపెట్టె తెచ్చి, దాని మీద పని పేరు రాసి, చూసినవీ చదివినవీ విన్నవీ అన్నీ అందులో పడేస్తుంది. ఆ సంగతి 2003లో తన పుస్తకంలో రాసుకుంది. ఆమెకి అది ఆలోచనల గిడ్డంగి. మీకు దానివల్ల ఇంకో లాభం ఉంది. ఏది ఎక్కణ్నుంచి వచ్చిందో మూడు వారాల తరవాత మీకు గుర్తుండదు, పెట్టెకి గుర్తుంటుంది.

రిహార్సల్ ఒక రూపానికి వచ్చాక, మీరు ఆధారం చేసుకున్న నాట్యం బాగా తెలిసిన ఒకరిని పిలవండి. ముందు ఏమీ చెప్పకండి. చూశాక ఏం గుర్తొచ్చిందో అడగండి. మొదటి నిమిషంలోనే పాత నాట్యం పేరు చెప్పి, దాని తరవాత అడుగు కూడా చెప్పేస్తే, ఆ భాగాన్ని మళ్లీ పుల్లబొమ్మల దగ్గరికి తీసుకెళ్లండి. పేరు చెప్పినా తరవాత ఏం రాబోతోందో చెప్పలేకపోతే వదిలేయండి, ఆ పేరు కరపత్రంలో వేయించండి. ఏమీ గుర్తు రాలేదంటే పెట్టె తెరిచి, అందులో ఉన్నవాళ్ల పేర్లు వేయించండి. ప్రింటర్ చోటు చాలదంటే ముఖ్య అతిథి బిరుదులు రెండు తగ్గించమనండి.