కూరగాయల మళ్లకు తిరిగి సారము

కూరగాయల మడి మునుపటివలె కాయకున్నచో రైతు మొదట చేయు పని మరియొక యూరియా బస్తా తెచ్చుట. ఆకు పచ్చబడును, మొక్క గుబురుగ పెరుగును. కాని కాపు పెరుగదు. బస్తా వెల మాత్రము అప్పులో చేరును. నేలకు కావలసినది ఒకటి, మనము ఇచ్చుచున్నది వేరొకటి యగుటయే తరచుగ దీనికి కారణము. నేలలో ఏది తరిగినదో ముందుగ తెలిసికొని, దానినే తిరిగి యిచ్చు విధమును పంచాయతీ సభ్యుల ముందుంచుటకు ఈ పాఠమును వ్రాయుచున్నాము.

నేల కోల్పోవునదేమి?

మొక్కకు అత్యవసరములైన మూలకములు 17. వానిలో కర్బనము, ఉదజని, ఆమ్లజని గాలినుండియు నీటినుండియు లభించును. తక్కిన 14 ముఖ్యముగ నేలనుండి రావలెను. నత్రజని, భాస్వరము, పొటాషియము ఎక్కువగను. కాల్షియము, మెగ్నీషియము, గంధకము అంతకు తక్కువగను. జింకు, ఇనుము, బోరాను మొదలగునవి అత్యల్పముగను కావలెను. సంతకు పోవు ప్రతి గంప వంకాయతోను, టమాటాతోను ఇవి కొంత కొంత ఊరు దాటిపోవుచున్నవి. టమాటా పంట నత్రజనికంటె పొటాషునే ఎక్కువగ తీసికొనును.

పూర్వము పెంట ఎరువుగను, చెరువు మట్టిగను కొంత సారము పొలమునకు తిరిగి చేరుచుండెడిది. దుక్కిటెద్దులు తగ్గిన ఊళ్లలో పెంటపోగులు చిన్నవైనవి. యూరియా నత్రజనిని మాత్రమే యిచ్చును. డి.ఎ.పి.లో నూటికి 18 పాళ్లు నత్రజని, 46 పాళ్లు భాస్వరము గలవు, పొటాషు లేదు. సూపరు ఫాస్ఫేటు వేసినపుడు భాస్వరముతోపాటు గంధకము, కాల్షియము కూడ అందెడివి. దానిని మాని డి.ఎ.పి.నే వాడుచోట ఆ రెండును అందుట తగ్గినది.

బుంగ అంచు ఒకచోట విరిగియున్నచో నీరు అంతవరకే నిలుచును. తక్కిన అంచు ఎంత ఎత్తున్నను లాభము లేదు. పంటయు అట్లే, అన్నిటికంటె కొరవడిన పోషకము అనుమతించునంతవరకే పండును. 19వ శతాబ్దమున జర్మన్ శాస్త్రజ్ఞుడు లీబిగ్ ప్రచారములోనికి తెచ్చిన సూత్రమిదియే. జింకు చాలని మడిలో యూరియా గుమ్మరించుట విరిగిన బుంగలో నీరు పోయుటవంటిది.

ఆకు చెప్పు సంగతి

నత్రజని, పొటాషు, మెగ్నీషియము చాలనపుడు మొక్క వానిని ముదురాకులనుండి లేతాకులకు పంపుకొనును. అందుచేత లోపము క్రింది ఆకులలో ముందు కన్పించును. నత్రజని లోపించిన ముదురాకు పసుపుబారును. పొటాషు లోపించిన ఆకు అంచు మాడును. ఇనుము అట్లు కదలదు కనుక లేతాకులే పాలిపోవును, ఈనెలు మాత్రము పచ్చగ నుండును. బోరాను చాలని కాలీఫ్లవరు కాడ లోపల గుల్లబారును. టమాటా కాయ అడుగు నల్లబడుట కాయకు కాల్షియము అందకపోవుటవలన కలుగును. తడులు ఒక క్రమమున ఇయ్యకుండుటయు దానికి కారణమే.

తెగుళ్లును, నీటి ఎద్దడియు కూడ ఇట్టి గుర్తులనే చూపగలవు. కావున ఆకును చూచి అనుమానింపవలెను. మట్టిని పరీక్షించి నిర్ణయింపవలెను.

మట్టిని తీయు విధము

పంట కోసిన పిదప, ఎరువు వేయకముందు నమూనా తీయవలెను. మడిలో అడ్డదిడ్డముగ నడచుచు ఎనిమిది పది చోట్ల పైచెత్తను తొలగించి, ఆరంగుళముల లోతున గుంట త్రవ్వి, గుంట అంచునుండి పైనుంచి క్రిందివరకు సమముగ మట్టిని చెక్కి తీయవలెను. గట్ల ప్రక్కన, చెట్ల నీడన, పెంటపోగులున్న చోట తీయరాదు. తుప్పు పట్టిన పనిముట్లు వాడరాదు. మట్టినంతయు కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు రెంటిని తీసివేయుచు అరకిలో మిగులువరకు తగ్గించవలెను. నీడన ఆరబెట్టి, సంచిలో పోసి, రైతు పేరు, సర్వే నంబరు, వేయదలచిన పంట వ్రాసి పంపవలెను. 2015 ఫిబ్రవరి 19న కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన భూసార కార్డు పథకమున మట్టిలోని 12 అంశములను లెక్కించి కార్డుపై తెలుపుదురు.

లోపమును తీర్చుట

జింకు చాలని వరి పొలమునకు ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయుట వాడుకలో నున్నది. కూరగాయలకు కార్డును బట్టి మోతాదు నిర్ణయించుకొనవలెను. నిలిచిన పంటపై లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున చల్లవచ్చును. జింకు సల్ఫేటును భాస్వరపు ఎరువుతో కలుపరాదు. రెండును కలిసి మొక్కకు అందని రూపమున బిగిసికొనును. సున్నము హెచ్చుగ నున్న నేలలో ఇనుము ఉండియు వేళ్లకు అందదు. అట్టిచోట లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులపై చల్లవలెను. బోరాను విషయమున మిక్కిలి జాగ్రత్త అవసరము. చాలుటకును, విషమగుటకును నడుమ దూరము స్వల్పము.

కట్టెల బూడిద పొటాషును ఇచ్చును. కాని దానిని చౌడు నేలకు వేయరాదు, పెంటలో కలుపరాదు. కలిపినచో పెంటలోని నత్రజని ఆవిరియై పోవును. పశువుల ఎరువు, జీలుగ, జనుము నేలలో సేంద్రియ పదార్థమును పెంచి, వేసిన లవణములను పట్టి యుంచును.

పంచాయతీ చేయదగిన పనులు

1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదునొకండవ షెడ్యూలును చేర్చినది. అందు మొదటి అంశము వ్యవసాయము, రెండవది భూమి అభివృద్ధి, భూసార సంరక్షణ, మూడవది చిన్నతరహా నీటిపారుదల. అనగా మడి సారమును, చెరువును గూర్చి ఆలోచించుట పంచాయతీకి తగిన కర్తవ్యమే.

ఒకటి: వేసవికి ముందే గ్రామసభలో నమూనాలు తీయు దినములను నిర్ణయింపుడు. ఫలితములను రైతులకు చదివి వినిపింపుడు. బీరువాలో నున్న కార్డు ఎవ్వరికిని పనికిరాదు.

రెండు: చెరువు మట్టిని ఎర్రనేలలకు, ఇసుక నేలలకు తోలింపుడు. 2015లో తెలంగాణమున ఆరంభమైన మిషన్ కాకతీయలో పూడిక తీత చెరువుకు, పొలమునకు రెంటికిని మేలన్న ఉద్దేశముండెను. తోలుటకు ముందు ఆ మట్టిని కూడ పరీక్షింపవలెను. చౌడు, మురుగు చేరినది వలదు. ట్రాక్టరు లేని చిన్న రైతునకు కూడ వంతు దక్కునట్లు చూడుడు.

మూడు: సంత చెత్తనుండి ప్లాస్టిక్కును వేరుచేసి, కుళ్లు పదార్థమును కంపోస్టు గుంటలకు చేర్చుడు.

నాలుగు: బడి తోటలో రెండు సమానమైన మళ్లు వేయింపుడు. ఒకదానికి అలవాటు ప్రకారము, రెండవదానికి కార్డు ప్రకారము ఎరువు వేయించి, ఖర్చును, కోసిన కాయల తూకమును పిల్లలచే పుస్తకమున వ్రాయింపుడు. ఆ లెక్కను గ్రామసభలో వారిచేతనే చదివింపుడు.

ఒక్క పంటతో క్షీణించిన నేల కాదు కనుక ఒక్క పంటతో బాగుపడదు. రెండు మూడు సంవత్సరములకొకసారి మరల పరీక్ష చేయించి చూచుకొనుచు పోవలెను. ఊరినుండి సంతకు పోయిన సారములో కొంతయైన ఏటేట ఊరి మళ్లకు తిరిగి చేరినచో, రైతునకు బస్తాల ఖర్చు తగ్గును, పిల్లల విస్తరిలో మంచి కూర చేరును.