ఎరువులు - నేల - పంట

యూరియా చల్లిన కొలది దినములకే పైరు పచ్చబడును. పెంటయెరువు తోలిన పొలమున అట్టి మార్పు వెంటనే కానరాదు. ఇది చూచి పెంటయెరువుతో పనిలేదని కొందరు తలంతురు. ఈ తలంపు సరియైనదేనా?

పైరునకు ముఖ్యముగా కావలసిన పోషకములు మూడు: నత్రజని, భాస్వరము, పొటాషియము. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 21 కిలోల నత్రజని గలదు. పెంటయెరువులో నత్రజని సామాన్యముగా నూటికి అర్ధపాలు మాత్రమే. అనగా ఒక బస్తాలోని నత్రజనికి నాలుగు టన్నులకు పైగా పెంటయెరువు తోలవలెను. కావున రసాయనపు టెరువుల శక్తి కాదనరానిది.

అయితే నేల సంగతి యేమి? ఇంగ్లండులోని రోథాంస్టెడ్డున లాస్, గిల్బర్టు అను వారు 1843లో ఒక గోధుమ పొలమును మళ్లుగా విభజించి పరీక్ష నారంభించిరి. అది నేటికిని సాగుచున్నది. ఎరువు లేని మడిలో హెక్టారునకు సుమారు టన్ను గోధుమలే పండుచున్నవి. మూడు పోషకములను తగుపాళ్లలో రసాయన రూపమున వేసిన మడియు, ఏటేట 35 టన్నుల పెంటయెరువు వేసిన మడియు చాలకాలము ఇంచుమించు సమానముగా పండెను. కాని పెంటయెరువు మడిలో సేంద్రియ పదార్థము ఎరువు లేని మడికంటె రెండింతలకు మించెను. ఈ పదార్థమే మట్టిని గుల్లపరచి, నీటిని పట్టియుంచి, సూక్ష్మజీవులను పోషించును. అచ్చటనే ఒక బార్లీ మడిలో 1852 నుండి 1871 వరకు పెంటయెరువు వేసి మానిరి. నూరేండ్లకు పైగా గడచినను దాని ఫలము ఆ నేలలో మిగిలియున్నది.

మన దేశమున కోయంబత్తూరులో 1909లోను, రాంచీలో 1972లోను ఇట్టి పరీక్షలు మొదలైనవి. రాంచీలోనిది సహజముగానే ఆమ్లగుణము గల యెర్రనేల. అచ్చట నత్రజని యొక్కటే వేసిన మడిలో ఆమ్లత హెచ్చి, పంట నానాటికి క్షీణించెను. ఏలయన, నత్రజని యెరువు నేలలో మార్పు చెందునపుడు ఆమ్లము పుట్టును. మూడు పోషకములతోపాటు సున్నమో పెంటయెరువో వేసిన మళ్లలో పంట నిలిచినది.

కాబట్టి రసాయనపు టెరువును విడువనక్కరలేదు. దానినే నమ్ముకొనుటయు తగదు. దుక్కిలో పెంటయెరువు వేసి, వీలైనచోట జనుము, జీలుగ కలియదున్ని, మట్టి పరీక్షలో తేలిన లోటు మేరకు రసాయనపు టెరువు వేయుట మేలు.

విద్యార్థులారా! మీ పొలపు మట్టిని పరీక్ష చేయించిరా అని నేడే మీ పెద్దలను అడుగుడు. పంట ఈ యేటిది. నేల మీ తరమునకు కూడ కావలసినది.