కుమారి అన్నా మణి

తిరువాన్కూరు సంస్థానమున, పశ్చిమ కనుమల నడుమ, పీరుమేడు అను ఊరు గలదు. అది నేడు కేరళ రాష్ట్రములోనిది. అచ్చట 1918వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన అన్నా మణి జన్మించెను. ఆమె తండ్రి సివిల్ ఇంజనీరు. ఆయనకు ఏలకి తోటలు గలవు. ఎనమండుగురు సంతానములో ఆమె ఏడవది. కలవారి ఇల్లగుటచే అందొక ఆచారముండెను. ఆడపిల్లలకు ఎనిమిదవ పుట్టినరోజున వజ్రపు కమ్మలు కానుకగా నిచ్చెడివారు. ఈమె వంతు వచ్చినపుడు, కమ్మలు తనకు వలదనియు, వానికి బదులుగా ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అను ఆంగ్ల విజ్ఞాన సర్వస్వము కావలెననియు కోరెను. అది యొకటి రెండు పుస్తకములు గాదు. బీరువా నిండునట్టి సంపుటముల వరుస. అట్టి గ్రంథమును మన భాషలో వెలయింప పూనుకొన్న కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరు మీరు వినియేయుందురు.

ఆ కోరిక పిల్లచేష్ట గాదు. ఎనిమిదేండ్లు వచ్చునప్పటికే ఆమె తమ ఊరి గ్రంథాలయమునందలి మలయాళ పుస్తకములను దాదాపుగా అన్నింటిని చదివివేసెను. పండ్రెండేండ్లు నిండుసరికి ఆంగ్ల గ్రంథములును అట్లే ముగిసెను. ఆ కాలముననే వైకోము సత్యాగ్రహము జరిగెను. దేవాలయము చుట్టునున్న వీథులలో నడచుటకు సైతము అంటరానివారని పేరు పెట్టబడిన జనులకు హక్కు లేకుండుటచే పుట్టిన ఉద్యమమది. 1925లో గాంధీమహాత్ముడు అచ్చటికి వచ్చెను. ఆ సంగతులు ఈ బాలిక మనసున నాటుకొనెను. నాటినుండి ఆమె ఖద్దరు కట్టెను.

నేను ఉపాధ్యాయుడనై ముప్పది యేండ్లకు పైగా పనిచేసితిని. మీకు ఆదర్శప్రాయులైన శాస్త్రజ్ఞులెవరని విద్యార్థులు నన్నడుగుట కలదు. మేరీ క్యూరీ పేరు చెప్పుదునని వారు ఎదురుచూచెడివారు. రెండు నోబెలు బహుమతులు గడించిన ఆ మహనీయురాలికి నా నమస్కారము. అయినను నేను అన్నా మణి పేరే చెప్పుచుంటిని. తరగతిలో ఎవరును ఆ పేరు విని యుండెడివారు కారు. ఆమె కనుగొన్న మూలకము లేదు, ఆమె పేరిట సూత్రము లేదు. మరి ఆమె చేసినదేమి? ఈ పాఠము వ్రాయుట ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే.

ఆ ఇంట మగపిల్లలకు ఉన్నత విద్యయు ఉద్యోగమును, ఆడపిల్లలకు వివాహమును అని పెద్దలు ముందే నిర్ణయించి యుంచిరి. అన్నా మణి మాత్రము చదువుదుననెను. మొదట వైద్యము చదువవలెనని తలచినను, భౌతికశాస్త్రమున తనకు గల నేర్పును బట్టి దానినే ఎన్నుకొనెను. 1939లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాల నుండి ఆనర్సు పట్టము పొందెను. మరుసటి సంవత్సరము విద్యార్థి వేతనము లభింపగా, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో సర్ సి.వి. రామనుగారి పరిశోధనాలయమున చేరెను.

రామనుగారికి అప్పుడు వజ్రములపై మక్కువ మెండు. వజ్రపు కమ్మలు వలదన్న బాలికకు వజ్రములనే పరీక్షించు పని దొరకెను! కొన్ని వజ్రములపై అతినీలలోహిత కిరణములు పడినచో అవి తామే ఒక విధమైన వెలుగును వెలువరించును. ఆ వెలుగును వర్ణములుగా విడదీసి చూచినచో వజ్రము లోపలి కట్టడి కొంత తెలియవచ్చును. ఆమె ముప్పదికి పైగా వజ్రములను, కెంపులను గూడ, ఇట్లు పరీక్షించెను. ఆ వెలుగు మిక్కిలి మందమైనది. ఛాయాచిత్రపు ఫలకముపై దాని గుర్తు పడవలెనన్న పదునైదు, ఇరువది గంటలు ఎడతెగక నిలిపియుంచవలెను. అందుచే ఆమె పెక్కు రాత్రులు పరిశోధనాలయముననే నిద్రించెను. 1942 మొదలు 1945 వరకు ఆమె తన పేరు మాత్రమే గల ఐదు పరిశోధన వ్యాసములను ప్రకటించెను.

1945 ఆగస్టులో తన పరిశోధనమును గ్రంథముగా కూర్చి, డాక్టరు పట్టమునకై మదరాసు విశ్వవిద్యాలయమునకు సమర్పించెను. విశ్వవిద్యాలయమువారు ఆ పట్టము నీయలేదు. ఆమెకు ఎం.ఎస్సి. పట్టము లేదని వారు చెప్పిన కారణము. ఆనర్సు చదివి, విద్యార్థి వేతనముతో పరిశోధనమునకు ఎన్నికయైన ఆమె పని బాగున్నదా లేదా అని చూడక, చేతిలో కాగితమున్నదా లేదా అని చూచిరి. నియమములు అవసరమే; ప్రధానోపాధ్యాయునిగా నేనును నియమములతోడనే కాలము గడపితిని. కాని పనిని చూచుటకు సహాయపడవలసిన నియమము పనికే అడ్డు వచ్చినపుడు దానిని సమర్థించుట నా వలన కాదు. ఆ గ్రంథము నేటికిని బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థ గ్రంథాలయమున, తక్కిన డాక్టరు పట్టపు గ్రంథముల వలెనే అట్ట కట్టబడి యున్నది. పట్టము మాత్రము ఆమెకు ఎన్నడును రాలేదు.

ఆమె దానిని గూర్చి విలపింపలేదు. ఆ యేడే ఇంగ్లండులో శిక్షణ పొందుటకు ప్రభుత్వ వేతనము దొరకెను. భౌతికశాస్త్రము నభ్యసింపవలెనని ఆమె యాశ. అప్పుడు అందుబాటులో నున్నది వాతావరణ పరికరముల విద్య యొక్కటే. దొరకినదానిని చేపట్టి, సైనికులు ప్రయాణించు నౌకలో ఇంగ్లండునకు పోయెను. పరికరములు తయారగుట, అవి సరిగా నున్నవో లేవో పరీక్షించుట మున్నగునవి అచ్చట నేర్చి, 1948లో స్వతంత్ర భారతమునకు తిరిగి వచ్చి, పూనాలోని వాతావరణ శాఖలో చేరెను.

ఇచట కొంచెము నిలిచి ఆలోచింపుడు. వాన కొలుచుటలో నేమి గొప్ప యున్నదని మీలో కొందరికి తోచవచ్చును. వర్షమాపకమనగా పైన గరాటు, లోపల నీరు నిలుచు పాత్ర, ప్రక్కన గీతలు గల కొలగాజు, అంతే. ఒక మిల్లీమీటరు వాన యనగా ఒక చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు. గరాటు మూతి వైశాల్యము 200 చదరపు సెంటీమీటర్లైనచో ఒక మిల్లీమీటరు వానకు అందు 20 ఘనపు సెంటీమీటర్ల నీరు చేరును. కొలగాజుపై గీతలు ఆ లెక్కకే గీయబడియుండును. మూతిని 180కి మాత్రమే చేసిరనుకొనుడు. ఏబది మిల్లీమీటర్ల వాన కురిసినను కొలగాజు నలుబదియైదే చూపును. ఒక ఊరి పరికరము ఒక తీరున, మరియొక ఊరిది వేరొక తీరున ఉన్నచో, ఏ ఊర ఎక్కువ కురిసెనో ఎవరు చెప్పగలరు? నదికి వరద వచ్చునో రాదో ఎట్లు లెక్క కట్టగలరు? తప్పు కొలత కంటె కొలతయే లేకుండుట మేలని అన్నా మణి దృఢముగ నమ్మెను.

అంతకు ముందు మన దేశము సామాన్యమైన వాతావరణ పరికరములకు గూడ విదేశములపై ఆధారపడియుండెను. వానిని ఇచ్చటనే చేయవలెనని శాఖవారు పూనుకొనిరి. 1953లో ఆ విభాగమునకు ఆమె అధిపతి యయ్యెను. ఆమె క్రింద పనిచేయువారు 121 మంది పురుషులు. ఇంచుమించు నూరు విధముల పరికరములకు ప్రమాణమైన నమూనా చిత్రములను సిద్ధము చేయించి, వాని నిర్మాణమును ప్రారంభింపజేసెను. గాలి వేగము, గాలిలోని తేమ, వాయుభారము, వాన, ఎండ, వీనిలో ఆమె చేయి పడనిది లేదు.

1957, 1958 సంవత్సరములు అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరముగా జరుపబడినవి. అప్పుడు ఆమె దేశమందలి వేర్వేరు తావులలో సూర్యరశ్మిని కొలుచు కేంద్రములను నెలకొల్పెను. తరువాత ఓజోను వాయువుపై దృష్టి నిలిపెను. సూర్యుని హానికర కిరణములను అడ్డగించు ఈ వాయువు భూమికి చాల ఎత్తున వ్యాపించియున్నది. దానిని కొలుచుటకు బెలూనునకు కట్టి పైకి పంపదగిన పరికరమును ఆమెయు ఆమె సహచరులును మన దేశముననే నిర్మించిరి. విక్రమ్ సారాభాయిగారి కోరికపై 1963లో తుంబా రాకెట్టు కేంద్రమున వాతావరణ పరిశీలనాలయమును గూడ ఏర్పాటు చేసెను.

తాను స్త్రీయగుటచే శాస్త్రరంగమున ప్రత్యేకమైన ఇక్కట్లకు లోనైతినని ఆమె చెప్పుకొనలేదు. స్త్రీయగుట తన పనికి సంబంధించిన విషయమే కాదనునది ఆమె తలంపు. ఇందు నేను ఆమెతో పూర్తిగా ఏకీభవింపలేను. అక్కలకు యౌవనారంభముననే పెండ్లిండ్లు జరిగిన ఇంట, అవివాహితయై నిలిచి చదువుకొన్న ఒక్క బిడ్డ దాటిన గడపలు తక్కువవి గావు. ఆమె వానిని లెక్కింపలేదు, మనము లెక్కింపవలదా?

1976లో ఆమె వాతావరణ శాఖ డిప్యూటీ డైరెక్టరు జనరలుగా పదవీ విరమణ చేసెను. విరామమన్న మాట ఆమెకు పొసగలేదు. దేశమున ఎచ్చట ఎంత ఎండ కాయునో తెలుపు రెండు బృహద్గ్రంథములు 1980లోను, 1981లోను వెలువడినవి. 1983లో డి.ఎ. మూలేగారితో కలసి, గాలి బలమును గూర్చిన గ్రంథమును ప్రకటించెను. ఎచ్చట ఎండ యెంతయో, గాలి యెంతయో తెలియనిదే విద్యుత్తు కొరకు సౌరఫలకములు గాని గాలిమరలు గాని ఎచ్చట నిలుపవలెనో తెలియదు. అవి ఇంత విరివిగా కనబడుటకు ఎన్నో యేండ్లకు ముందే ఆమె లెక్కలు కట్టి యుంచెను. బెంగుళూరులో ఎండను, గాలిని కొలుచు పరికరములు చేయు చిన్న కార్మికశాలను గూడ నడపెను. 1987లో కె.ఆర్. రామనాథన్ పతకము ఆమెకు లభించెను.

పర్వతములపై నడచుట, పక్షులను పరికించుట ఆమెకు ప్రియమైన వినోదములు. 1994లో పక్షవాతము సోకగా ఆ నడకలు నిలిచిపోయెను. 2001వ సంవత్సరము ఆగస్టు 16వ తేదీన, ఎనుబదిమూడవ పుట్టినరోజునకు వారము దినములు మిగిలియుండగా, తిరువనంతపురమున ఆమె కన్నుమూసెను.