రేవులోకి వచ్చే అల – దాని లెక్క

ఎండ బాగా కాస్తోంది, గాలి లేదు. అయినా ఫీనిక్స్ బే జెట్టీలో ఒక్కోసారి "ఈ రోజు బోటు లేదు" అంటారు. డెలానీపూర్ నుంచి సామానుతో వచ్చిన మనకు అది వింతగా తోస్తుంది. కారణం ఆకాశంలో కాదు, నీటిలో ఉండవచ్చు. దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన అలలు వేల కిలోమీటర్లు దాటి, కొన్ని రోజుల తర్వాత కూడా తీరాన్ని చేరగలవు.

అలలో ఎత్తైన భాగం శృంగం. రెండు శృంగాల మధ్య పట్టే సమయం ఆవర్తన కాలం. దాని వర్గాన్ని 1.56తో గుణిస్తే లోతైన నీటిలో అల పొడవు మీటర్లలో వస్తుంది. 10 సెకన్ల అల పొడవు 156 మీటర్లు. నీటి లోతు అందులో సగానికి, అంటే 78 మీటర్లకు తగ్గితే అల మారడం మొదలవుతుంది. వేగం తగ్గుతుంది, ఒడ్డు దగ్గరపడే కొద్దీ ఎత్తు పెరుగుతుంది. లోతు తక్కువైన వైపు నెమ్మదించి వంగుతుంది, ఇది వక్రీభవనం. అడ్డు వచ్చిన దీవి వెనక్కి కొంత శక్తి మళ్ళుతుంది, ఇది వివర్తనం. మన రేవు ముఖాన నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అలాంటి అడ్డుగా నిలిచింది. చివరకు ఎత్తు లోతులో సుమారు 80 శాతానికి చేరితే అల విరిగిపోతుంది.

ఈ మార్పులను కంప్యూటర్‌తో లెక్కించడమే అలల నమూనా. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయం తయారుచేసిన 'స్వాన్' అలాంటిదే. సముద్రాన్ని గళ్ళుగా విభజించి, ప్రతి గడిలో లోతు, గాలి, వచ్చిపోయే అలల శక్తి లెక్కిస్తారు. అలలను ఆపే గోడ ఎంత పొడవుండాలో, ఎటు తిరగాలో ముందే పరీక్షించవచ్చు. విశాఖ రేవు కట్టిన రోజుల్లో కంప్యూటర్లు లేవు. రెండు పాత ఓడలను ముంచి, వాటినే అలలకు అడ్డుకట్ట చేశారు.

అయితే లోతు తప్పయితే లెక్కా తప్పే. 2004 డిసెంబరు 26 భూకంపంలో మన ఊరి నేల సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి సముద్రపు నీరు చేరింది. లోతు పెరిగితే ఇంతకుముందు దూరంగానే విరిగే అల మరింత లోపలికి వస్తుంది. అందుకే లోతులు మళ్ళీ మళ్ళీ కొలవాలి.

హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ రోజూ అలల సూచనలు ఇస్తుంది. అందులో '2 మీటర్లు' అంటే గరిష్ఠం కాదు. అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు. మధ్యలో ఒకటి దాదాపు 4 మీటర్లు ఉండవచ్చు. ఎత్తు రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు. బోటు ఆపేది ఆ ఒక్క అల కోసమే.

చేసి చూడండి: కార్బిన్స్ కోవ్‌లో పెద్దలతో, నీటికి దూరంగా నిలబడండి. మొదటి శృంగం నుంచి పదకొండో శృంగం వరకు సమయం కొలిచి 10తో భాగించండి. అదే ఆవర్తన కాలం. రేపు బదిలీపై విశాఖ వెళ్ళినా, కొచ్చి వెళ్ళినా ఈ లెక్క మారదు. మారేది అక్కడి లోతే.