ఎండాకాలం సైకిలుకు ఏ గ్లౌజు?

హైదరాబాద్‌లో కొండాపూర్‌లో ఇల్లు, పక్కనే గచ్చిబౌలిలో ఆఫీసు అయితే గ్లౌజుల గురించి పెద్దగా బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ దాకా రోజూ తొక్కేవారికీ, పొద్దుటి నుంచి రాత్రి దాకా సైకిలు మీదే పార్సిళ్లు అందించేవారికీ, సెలవు రోజుల్లో బ్రెవేలకు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిలు యాత్రలకు, వెళ్లేవారికీ మాత్రం ఈ విషయం అవసరం. బ్రెవేల్లో మొదటి మెట్టు 200 కిలోమీటర్లు, దానికి గడువు 13 గంటల 30 నిమిషాలు. అంతసేపూ ఒంటి బరువులో కొంత అరచేతుల మీదే పడుతుంది. మర్నాడు అవే చేతులతో కీబోర్డు కొట్టాలి, కత్తెర పట్టాలి, స్క్రూడ్రైవర్ తిప్పాలి.

దుకాణంలో గ్లౌజు చేతికివ్వగానే మనం ముందు చేసేది బొటనవేలితో ప్యాడింగు నొక్కి చూడటం. లావుగా, మెత్తగా ఉంటే మంచి సరుకు అనుకుంటాం. ఎండలో దూరం తొక్కేవారికి ఈ లెక్క పనికిరాదు. లావుపాటి జెల్ ఉన్న గ్లౌజు తొడిగితే హ్యాండిల్ మరింత లావైనట్టవుతుంది. దాన్ని చుట్టి పట్టుకోవడానికి వేళ్లు గట్టిగా బిగించాలి, దాంతో గంట తిరక్కుండానే ముంజేయి లాగడం మొదలవుతుంది. పైగా జెల్‌లోంచి గాలి ఆడదు. చెమట దాని కింద నిలిచిపోయి చర్మం నాని తెల్లబడుతుంది. నానిన చర్మం రుద్దుకుంటే బొబ్బ లేవడానికి ఎంతోసేపు పట్టదు.

ప్యాడింగు ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ ఉందన్నది చూడాలి. చిటికెన వేలి వైపు, మణికట్టుకు కాస్త పైన, అరచేతి దిబ్బ మీద నొక్కి చూసుకోండి. రెండు చిన్న ఎముకల మధ్య సందులోంచి అక్కడ ఒక నరం వెళుతుంది. అది అల్నార్ నరం, ఆ సందుకు వైద్యంలో గయాన్ కెనాల్ అని పేరు. నరం మీద అక్కడ పెద్దగా కండ ఉండదు. హ్యాండిల్ సరిగ్గా ఆ చోటే ఆనితే ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతాయి. దూరాలు తొక్కేవారిలో చాలామందికి ఈ బాధ తెలుసు. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కితే నొక్కుడు పడుతున్నది మీడియన్ నరం మీద. మణికట్టు ఎక్కువగా వంచి తొక్కేవారికి అది వస్తుంది.

మంచి గ్లౌజులో ప్యాడింగు ఒకే దిండులా ఉండదు. రెండు మూడు ముక్కలుగా ఉండి వాటి మధ్య సన్నని కాలవలాంటి ఖాళీ వదులుతారు. బరువు ఆ ముక్కల మీద పడుతుంది, నరం ఉన్న చోట నొక్కుడు తగ్గుతుంది. వేసవికి నేను ఎంచేది రెండు మూడు మిల్లీమీటర్ల పలచటి ఫోమ్. జెల్ కంటే తేలిక, త్వరగా ఆరుతుంది. కొన్నాళ్లకు అణగారిపోతుంది, నిజమే. అప్పుడు మార్చేయాలి.

కొనేముందు గ్లౌజును తిరగదీసి లోపలి కుట్లు చూడండి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చర్మం మడత పడే చోట చేతితో తడమండి. లావుపాటి కుట్టు అక్కడ ముడిలా తగిలితే ఆ జత పక్కన పెట్టేయండి. దుకాణంలో వేలికి తగిలీ తగలనట్టుండే ఆ ముడి, వందసార్లు బ్రేకు పట్టాక చర్మాన్ని కోసేస్తుంది. ఆ చోట కుట్టు లేకుండా ఒకే ముక్క గుడ్డతో చేసినవి దొరుకుతాయి, వాటికి నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇవ్వొచ్చు.

సైజు సంగతికొస్తే, బొటనవేలిని వదిలి, మెటికల మీదుగా అరచేతి చుట్టూ టేపు పెట్టి కొలవండి. ఆ అంకెను కంపెనీ ఇచ్చిన పట్టికతో సరిచూసుకోండి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీకి లార్జ్ కావొచ్చు. తర్వాత గ్లౌజు తొడుక్కుని దుకాణంలోని ఏదో ఒక సైకిలు హ్యాండిల్ పట్టుకోండి, బ్రేకు నొక్కండి. ఊరికే చేయి చాపి చూసుకుంటే ఏ గ్లౌజైనా బాగానే ఉంటుంది. పిడికిలి ముడిచినప్పుడు అరచేతిలో గుడ్డ మడతలు పడితే అది వదులు. వేళ్ల సందుల్లో లాగి పట్టేస్తుంటే బిగువు. ఎండలో తొక్కుతుంటే చేతులు కాస్త ఉబ్బుతాయి కూడా, అందుకని వేళ్ల అంచులు మరీ కొరికేట్టు ఉండకూడదు. వదులు, బిగువు రెండూ చెరుపే గానీ, వదులు గ్లౌజు చేసే చెరుపు ఎక్కువ. లోపల చేయి జారుతూ రాపిడి పుట్టేది దానివల్లే.

ఇక ఎండ. సగం వేళ్లదా, పూర్తి వేళ్లదా అన్నది మీరు తొక్కే వేళను బట్టి ఉంటుంది. ఆరింటికి బయలుదేరి ఎనిమిదింటికల్లా చేరేవారికి సగం వేళ్లది హాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ మీద సౌర పలకల కప్పు ఉంది, అలాంటి చోట కూడా సగం వేళ్లదే చాలు. మిట్టమధ్యాహ్నం తిరగక తప్పని పార్సిలు పనివారికి మాత్రం పలచటి గుడ్డతో చేసిన పూర్తి వేళ్లదే మేలు. హ్యాండిల్ మీద చేయి పెట్టినప్పుడు అరచేయి నీడలో ఉంటుంది, మాడేది చేతి వెనక భాగమూ వేళ్లూ. ఫోను వాడక తప్పదు కాబట్టి వేలి కొసలు టచ్‌స్క్రీన్‌కు పనిచేసేవి ఎంచుకోండి. చెమటకు తడిశాక అవి సరిగ్గా పనిచేయవు, ఆ మాట అమ్మేవాళ్లు చెప్పరు.

చేతి వెనక జాలీ గుడ్డ ఉంటే చాలు చల్లగా ఉంటుందనుకోకండి. రామగుండంలోనో రెంటచింతలలోనో పొడి ఎండలో ఆ జాలీ బాగా పనిచేస్తుంది, చెమట పట్టినట్టే పట్టి ఆరిపోతుంది. విశాఖలోనో కాకినాడలోనో ఉక్కపోతలో గాలే తడిగా ఉంటుంది, జాలీ ఉన్నా చెమట ఆరదు. అక్కడ ఖరీదైన ఒక జత కంటే మామూలు జతలు రెండు కొని, సగం దారిలో మార్చుకోవడం తెలివి. రంగు విషయంలో వెనక లేత రంగు, అరచేతి వైపు ముదురు రంగు ఉండాలంటాను. నలుపు ఎండను పీల్చుకుంటుంది, తెల్లటి అరచేయి హ్యాండిల్ రబ్బరు మసితో వారంలో మాసిపోతుంది.

చిన్నదే గానీ తప్పక చూడాల్సింది బొటనవేలి మీద తువ్వాలు గుడ్డ ముక్క. నుదుటి మీది సన్‌స్క్రీన్ చెమటతో కలిసి కంట్లోకి దిగినప్పుడు దాని విలువ తెలుస్తుంది. ముక్కు తుడుచుకోవడానికి కూడా అదే, అందరం చేసే పనే. వేళ్ల మధ్య పట్టుకుని లాగడానికి చిన్న పట్టీలుంటే మరీ మంచిది, తడిసిన గ్లౌజును ఊడదీయడం మాటలు కాదు.

అసలు తోలు గ్లౌజులు కొత్తలో ముచ్చటగా ఉంటాయి. చెమటకు తడిసి, ఆరి, మళ్లీ తడిసి అట్టముక్కలా బిర్రబిగుస్తాయి. కృత్రిమ తోలుదే తీసుకోండి. జిమ్ గ్లౌజు ఇంట్లో ఉంది కదా అని దాంతో సరిపెట్టుకోకండి. బరువులెత్తడానికి చేసింది గనుక దాని మందం చాలావరకు వేళ్ల మొదళ్ల దగ్గరే ఉంటుంది, మనకు కావాల్సింది మణికట్టు వైపు. మోటారు సైకిలు గ్లౌజు ఎండలో కొలిమే. ఎండకు ముంజేతుల మీద వేసుకునే తొడుగులు చర్మం కమలకుండా కాస్తాయి, అరచేతికి మాత్రం ఏమీ చేయవు. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు పలచటి సైకిలు గ్లౌజు ఒక జత, పాత తొడుగులు ఒక జత కలిపి వాడుకోవచ్చు.

ఇంటికి రాగానే గ్లౌజును సంచిలో కుక్కేయకుండా చన్నీళ్లలో జాడించండి. చెమట ఉప్పు ఆరి గుడ్డను బిరుసు చేస్తుంది, అదే మర్నాడు చర్మాన్ని గీకుతుంది. వెల్క్రో పట్టీ అంటించి ఉతకాలి, లేకపోతే మిగతా గుడ్డల దారాలన్నీ లాగేస్తుంది. గుడ్డలు మెత్తబరిచే కంఫర్ట్‌లాంటి ద్రావణాలు వద్దు. మెలిపెట్టి పిండకుండా అరచేతుల మధ్య నొక్కి నీడలో ఆరేయండి.

ఇంత చూసి కొన్నా వేళ్లు తిమ్మిరెక్కుతుంటే మరో గ్లౌజుకు డబ్బు పెట్టకండి, సైకిలు చూసుకోండి. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే మనిషి ముందుకు జారుతూ చేతులతో ఆపుకుంటూ తొక్కుతాడు. అది సమం చేయడానికి ఒక్క పానా చాలు. హ్యాండిల్ మరీ దూరంగా, కిందకు ఉన్నా అదే బాధ. మోచేతులు కర్రల్లా చాచకుండా కొద్దిగా వంచి ఉంచండి, పది నిమిషాలకోసారి పట్టు మార్చండి. తిన్నటి హ్యాండిల్ ఉన్నవారికి పట్టు మార్చే చోటే ఉండదు కాబట్టి చివర్లలో చిన్న కొమ్ములు బిగించుకుంటే ఉపయోగం. గతుకుల రోడ్డు మీద టైర్లలో గాలి కాస్త తగ్గించినా చేతులకు తేడా తెలుస్తుంది.

సైకిలు దిగాక గంటలోపు తిమ్మిరి పోతే కంగారు లేదు. మర్నాటికీ ఉంటే, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమైతే, చేతిలో వస్తువులు జారిపోతుంటే కొన్నాళ్లు సైకిలు ఆపి డాక్టరును కలవండి. ఏ వేళ్లు, ఎన్ని కిలోమీటర్ల తర్వాత, పనిలో కూర్చున్నప్పుడు కూడా వస్తోందా అన్నవి ముందే రాసుకుని వెళ్లండి. నొక్కుడు పడేది మణికట్టు దగ్గరా, మోచేయి దగ్గరా, మెడ దగ్గరా అని తేల్చడానికి డాక్టరు ముందు అడిగేవి అవే.